మోకూ, చింతచెట్టూ

పిల్లలూ,

మొదటిసారి విమానం ఎక్కారట, కిటికీ సీటు కోసం ఇద్దరూ గిల్లుకున్నారట. మీ నాన్న అన్నీ చెప్పాడు. అది అలా ఉంచండి. చిన్నది ఫోన్లో అడిగిన మాట మాత్రం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "తాతా, ఆక్సిజన్ మాస్కు కిందికి దిగితే ముందు మీరు పెట్టుకోండి, ఆ తర్వాతే పిల్లలకు పెట్టండి అని చెప్పారు. అమ్మ ముందు తనే పెట్టుకుంటే స్వార్థం కదా? బతకాలంటే స్వార్థం ఉండాల్సిందేనా?"

ఆ రోజు "నానమ్మ పిలుస్తోంది" అని ఫోన్ పెట్టేశాను. ఆమె పిలవలేదు. జవాబు తోచలేదు, అంతే.

మాస్కు సంగతి ముందు తేల్చేస్తాను, అది సులువు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో గాలి బాగా పలచన. విమానంలో ఉండే గాలి బయటికి పోతే మనిషికి తెలివి నిలిచేది అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం. మీ అమ్మ ముందు నీకు పెట్టబోయిందనుకో. నువ్వేమో తల అటూ ఇటూ తిప్పుతావు, రబ్బరు జడలో చిక్కుకుంటుంది, అంతలో ఆమె కళ్లు తిరిగి పడిపోతుంది. తర్వాత ఆమెకు నువ్వు పెట్టగలవా? అదే ఆమె ముందు తను తగిలించుకుంటే నిండా పది సెకన్లు పట్టదు. ఈలోగా నువ్వు కాస్త సోలిపోయినా మాస్కు పడగానే తేరుకుంటావు. అంటే ఆమె ముందు పెట్టుకునేది కూడా నీ కోసమే.

కానీ ఇది లెక్క. నువ్వు అడిగింది లెక్క కాదని నాకు తెలుసు.

మన ఊరికి వచ్చినప్పుడు తాటిచెట్టు ఎక్కే గౌడు మామను చూశారు కదా. ఆయన నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి ఒక మందమైన తాడు ఉంటుంది. దాన్ని మోకు అంటారు. చెట్టు దగ్గరికి రాగానే ఆయన చేసే మొదటి పని కల్లు చూడడం కాదు, మోకు సరిచూసుకోవడం. పైన లొట్టి, అంటే కల్లు కుండ, నిండి పొంగుతున్నా సరే, కింద పదిమంది ఎదురుచూస్తున్నా సరే, ముందు మోకు. ఆయన్ని స్వార్థపరుడని ఎవరైనా అంటారా? మోకు లేకుండా ఎక్కి పడిపోతే కల్లూ లేదు, మామా లేడు. ఎక్కినంత సేపూ వీపు దాని మీద ఆనించి వెనక్కి వాలతాడు. అలా వాలాడు కాబట్టే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. కత్తి పట్టాలన్నా, లొట్టి దించాలన్నా చేతులు ఖాళీగా ఉండాలి కదా. భయపడి రెండు చేతులతో చెట్టును కరుచుకున్నవాడు గెల ఎలా గీస్తాడు? తన ప్రాణం మోకుకు అప్పజెప్పాడు కాబట్టి చేతులు పనికి వచ్చాయి. మాస్కు కూడా ఒక మోకే అనుకోండి. సీటు బెల్టూ మోకే. మీ నాన్న బండి ఎక్కేటప్పుడు పెట్టుకునే హెల్మెట్టూ...

"ఆ మోకును ఇంకెంత గుంజుతావు, తెగుతుంది" అంటోంది వెనక నుంచి చదువుతున్న మీ నానమ్మ. సరే, ఆపేస్తాను. కానీ నాకు మోకు మీద ఇంత ప్రేమ ఎందుకో చెప్పి ఆపుతాను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. కేతేపల్లి దగ్గర మా ఊళ్లో ఎండాకాలం వస్తే పోరగాళ్లమంతా మోటబావి దగ్గరే. నడుముకు బెండ్లు కట్టుకొని కొందరు, ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకొని కొందరు ఈత నేర్చుకునేవాళ్లం. నేను అప్పటికి వారం కిందే బెండ్లు విప్పేశాను, అంటే నా లెక్కలో పెద్ద ఈతగాణ్ని. నా దోస్తు ఇంకా నేర్చుకోలేదు. నన్ను చూసి పౌరుషం వచ్చి, ఒక మధ్యాహ్నం బుర్ర గట్టు మీద పెట్టేసి దుంకాడు.

మునిగేవాడు "కాపాడండి" అని అరుస్తాడనుకుంటారు మీరు, సినిమాల్లో చూసి. అరవడు. నోరు నీళ్లపైకి వచ్చిన క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సరిపోదు, ఇంక అరుపు ఎక్కడిది? చేతులు ఊపలేడు, నీళ్లను కిందికి నొక్కుతూ ఉంటాడు, నిచ్చెన ఎక్కుతున్నట్టు. అదంతా ఇరవై సెకన్ల నుంచి ఒక నిమిషం లోపలే. వాడూ అలాగే చప్పుడు లేకుండా మునుగుతున్నాడు. నేను గొప్పగా ఈదుకుంటూ పోయాను. వాడు నా మెడ పట్టుకున్నాడు. తర్వాత నా నెత్తి మీదికి ఎక్కాడు. ఇద్దరం మునిగాం. పచ్చటి నీళ్లు, చెవుల్లో హోరు, అంతే గుర్తు. నేను కాళ్లు ముడిచి వాడి ఛాతీ మీద తన్నాను. పట్టు వదిలింది. నేను ఈదుకొచ్చి మెట్టు పట్టుకున్నాను, ఎక్కి కూర్చున్నాను.

కూర్చున్నాను. దోస్తు నీళ్లలో ఉన్నాడు, నేను మెట్టు మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే చెట్టు దిగి లొట్లు కడుక్కుందామని వస్తున్న అప్పటి మా ఊరి గౌడు మామ చూశాడు. ఆయనకు ఈత బాగా వచ్చు. అయినా దుంకలేదు. గట్టు మీది రాతి కడీకి, అంటే రాతి స్తంభానికి, ఒక కాలు మెలేసి, బోర్లా పడుకుని, మోకు విప్పి ఒక కొస చేతికి చుట్టుకొని రెండోది విసిరాడు. రెండోసారికి అందింది. వాణ్ని గుంజి, కడుపులోని నీళ్లు కక్కేదాకా కనిపెట్టుకుని ఉండి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి చెంప పగలగొట్టాడు.

తన్నానని తెలిసింది కాబోలు అని ఏడుస్తూ, "నన్ను ముంచుతున్నాడు మామా, అందుకే తన్నిన" అన్నాను.

"తంతే తన్నినవు తీ. ఒడ్డుకొచ్చినంక ఒర్లకపోతివేందిరా?" అన్నాడు. ఒర్లడమంటే అరవడం.

చిన్నదానా, అరవై ఏళ్లు అయింది, నీ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. నీళ్లలో నేను తన్నిన తన్ను నాది కాదు, భయానిది. నా మెడ పట్టిన చేతులు కూడా వాడివి కావు. ఊపిరి అందనప్పుడు ఒళ్లు చేసే పనికి మంచీ చెడూ అంటగట్టకూడదని నా నమ్మకం. కానీ మెట్టు మీద కూర్చున్నవాడిని మాత్రం నేనే. అప్పటికి నాకు ఊపిరి అందింది, గొంతూ ఉంది. చాలా ఏళ్ల తర్వాత దోస్తును అడిగాను, తన్నడం గుర్తుందా అని. వాడికి అదేమీ గుర్తు లేదు. "మోకు నోట్ల పెట్టుకుంటే పుల్లటి కల్లు వాసన కొట్టింది, అది మటుకు యాదికుంది" అని నవ్వాడు.

మధ్యలో ఒక మాట, ఇది తాత హుకుం అనుకోండి. మన వైపు చెరువుల్లో, క్వారీ గుంతల్లో ఒకరు మునిగితే ఇంకొకరు, ఆయన కోసం మరొకరు దిగి పోతుంటారు. మీరు దిగొద్దు. ముందు అరవండి. తాడు, పొడుగు కట్టె, ముడేసిన చీరలు, మూత బిగించిన ఖాళీ క్యాను, ట్రాక్టరు ట్యూబు, ఏది దొరికితే అది విసరండి. కట్టె అందించేటప్పుడు నిలబడొద్దు, పడుకోండి. మీ కాళ్లు ఎవరైనా పట్టుకుంటే ఇంకా మంచిది.

పెద్దోడు ఊరుకోడని తెలుసు. "ఒక్కరికే చోటు ఉంటే? ఒక్కరికే అన్నం ఉంటే?" అంటాడు. చిలీ దేశంలో 2010లో ఒక గని కూలి 33 మంది లోపల చిక్కుకుపోయారు. వాళ్లు బతికే ఉన్నారని పైవాళ్లకు తెలియడానికే 17 రోజులు పట్టింది. అక్కడున్న తిండి రెండు మూడు రోజులకు సరిపోయేది. దాన్నే రెండు రోజులకు ఒకసారి తలా రెండు చెంచాల చేప, ఒక గుక్క పాలు, బిస్కెట్టు ముక్క చొప్పున పంచుకున్నారు. 69వ రోజున 33 మందీ బయటికి వచ్చారు. వాళ్ల షిఫ్టు పెద్ద అందరికన్నా చివర వచ్చాడు. ఆ చెంచా పట్టుకుని పంచిన చెయ్యి ఎంత వణికి ఉంటుందో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇంత చెప్పినా, నిజంగా ఒక్కరికే చోటు ఉన్నప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు. మోకులో ఇద్దరు పట్టరు. నా పోలిక అక్కడ తెగిపోయింది, మీ నానమ్మ అన్నట్టే.

అయితే చోటు సంగతి మనం అనుకున్నట్టు ఉండదని చెప్పే చెట్టు ఒకటి ఉంది. మన ఊరి పక్క మూసీ ప్రాజెక్టులో మీరు రాళ్లు విసిరారే, ఆ మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమ నుంచి మన దగ్గరికి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న అది పొంగి హైదరాబాదు మీద పడింది. వేలమంది పోయారు. (గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు ఆ వరద తర్వాత కట్టినవే.) ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి ఆ రోజు సుమారు 150 మంది బతికారు.

ఒక్క చెట్టు, నూట యాభై మంది! నేను ఒకసారి దాని కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా లెక్కపెట్టాను. నాకు నలభై మంది కన్నా ఎక్కువ పట్టలేదు. మరి మిగతావాళ్లు ఎక్కడ కూర్చున్నారు? ముందు ఎక్కినవాడు కొమ్మను వాటేసుకునే ఉంటాడు, అది వాడి మోకు. ఆ తర్వాత కింద నుంచి ఇంకో చెయ్యి వచ్చినప్పుడు, వానలో, చీకటిలో, ఆ కొమ్మ మీద ఎన్నిసార్లు "జర జరుగు" అన్న మాట వినపడి ఉంటుంది?

ఆ చెట్టు ఇంకా ఉంది. ఈ ఆదివారం మీ నాన్న తీసుకుపోతాడు, నేను చెప్పాను. కాగితం పెన్సిల్ పట్టుకుపోయి కొమ్మలు గీయండి. ఎవరెవరు ఎక్కడ కూర్చుంటే నూట యాభై అవుతుందో మీరే లెక్క తేల్చండి. నానమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎత్తు ఎక్కలేదు, కింది కొమ్మ ఇవ్వండి. నన్ను ఎక్కడ కూర్చోబెట్టారో ఉత్తరంలో రాయండి.

మీ తాత