పిల్లల్లో ఎగ్జిమా: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) రక్తంలోని చెడు, పైన మందు రాస్తే రోగం లోపలికి పోయి ఆయాసంగా మారుతుంది.

వాస్తవం: ఎగ్జిమాలో ప్రధాన లోపం చర్మం పైపొరలో ఉంటుంది. ఆ పొర బిగువుగా ఉండటానికి తోడ్పడే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపాలున్న పిల్లలకు ఈ వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. పొర బలహీనపడితే తేమ బయటికి పోతుంది. దుమ్ము, సబ్బు, క్రిములు లోపలికి చేరి దురద పుట్టిస్తాయి. ఈ పిల్లల్లో కొందరికి తర్వాత ఆస్తమా రావడం నిజమే కానీ, దానికి కారణం రాసిన మందు కాదు, పుట్టుకతో వచ్చిన అలర్జీ తత్వం.

అపోహ: స్టెరాయిడ్ పూతమందు పసి చర్మాన్ని పాడుచేస్తుంది, అందుకే వీలైనంత తక్కువ రాయాలి.

వాస్తవం: ఈ భయం పూర్తిగా నిరాధారం కాదు. క్లోబెటసాల్ వంటి ఘాటైన స్టెరాయిడ్‌కు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబులను చీటీ లేకుండా మందుల షాపులో కొని, నెలల తరబడి ముఖానికి, తొడల మడతలకు రాస్తే చర్మం పలచబడుతుంది. అయితే 1 శాతం హైడ్రోకార్టిసోన్ వంటి తేలికపాటి మందును డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన మందు సుమారు అర గ్రాము ఉంటుంది. అది వేళ్లతో సహా పెద్దవారి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది కందిగింజంత మందును రెండు మోకాళ్ల వెనుక మడతలకూ సరిపెట్టి, ఎరుపు కాస్త తగ్గగానే ఆపేస్తారు. వాపు సగంలో ఉండగా ఆపితే దురద మళ్లీ తిరగబెడుతుంది, చివరికి ఎక్కువ మందే వాడవలసి వస్తుంది.

అపోహ: చర్మం పొడిబారుతుంది కాబట్టి స్నానం తగ్గించాలి.

వాస్తవం: రోజూ 5 నుంచి 10 నిమిషాలు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించవచ్చు. మానవలసినవి కాగే నీళ్లు, వాసన సబ్బు, సున్నిపిండి నలుగు. తువాలుతో మెల్లగా అద్ది, చెమ్మ ఆరకముందే మాయిశ్చరైజర్ ధారాళంగా రాయండి. దద్దు లేని రోజుల్లోనూ మానకండి.

అపోహ: గుడ్డు, పాలు, వంకాయ మాన్పిస్తే తగ్గిపోతుంది.

వాస్తవం: చాలామంది పిల్లల్లో ఆహారం అసలు కారణం కాదు. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. సొంతంగా పథ్యం పెడితే ఎదుగుదల దెబ్బతినవచ్చు.

అపోహ: ఇది పక్క పిల్లలకు అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకోదు, నిస్సంకోచంగా బడికి పంపండి. ఇంట్లో అందరికీ రాత్రిళ్లు దురద పెడుతుంటే అది గజ్జి కావచ్చు, దాని చికిత్స వేరు. నిజానికి జాగ్రత్త పడవలసింది బిడ్డకు ఇతరుల నుంచి సోకే వాటి గురించి. పెదవిపై హెర్పిస్ (ఒక వైరస్) పొక్కులున్నవారు ఈ పిల్లలను ముద్దాడకూడదు. జ్వరంతో పాటు నీటిపొక్కులు గుంపుగా లేస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.