రోబో సినిమా నిరాశపరిస్తే తప్పంతా గ్రాఫిక్స్‌దేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను చెన్నైలో, సాలిగ్రామంలోని సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఒక వీఎఫ్ఎక్స్ స్టూడియోలో కంపోజిటర్‌ని. కెమెరా తీసిన నటుడు, కంప్యూటర్లో చేసిన రోబో, పొగ, దుమ్ము, నీడ... ఇలా విడివిడిగా వచ్చిన ముక్కల్ని ఒకే ఫ్రేములో కలిపి, అంతా ఒకేచోట జరిగినట్టు చూపించడం నా పని. తమిళ సినిమాలూ వస్తాయి, తెలుగువీ వస్తాయి. ఏ రోబో సినిమా ఆడకపోయినా వడపళని టీ కొట్టు దగ్గరా, నెల్లూరు నుంచి ఫోన్ చేసే మా బావ నోటా అవే మాటలు వింటుంటాను. వాళ్లకు కలిగిన నిరాశ నిజం, దాన్ని నేను కాదనను. కానీ కారణమని వాళ్లు చూపించేది మాత్రం చాలాసార్లు అసలు కారణం కాదు.

అపోహ: "రోబో బొమ్మలా ఉంది. మోడల్ సరిగ్గా చెయ్యలేదు."

'బొమ్మలా ఉంది' అన్న మాట చాలా సరైనది. మోడల్ మీద, అంటే కంప్యూటర్లో చేసిన రోబో ఆకారం మీద, నింద మాత్రం సరికాదు. బోల్టులు, గీతలు, తుప్పు మరకలు అన్నీ ఉన్న మోడల్ కూడా బొమ్మలా కనిపించొచ్చు. తేడా వచ్చేది కదలికకు పట్టే సమయంలో. 20 మీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువు పడినా నేలను తాకడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 48 ఫ్రేములు. "సీన్ ల్యాగ్ అవుతోంది, స్పీడు పెంచండి" అని దాన్ని 24 ఫ్రేములకు కుదిస్తే ఏమవుతుంది? ఒక్క సెకనులో వస్తువు పడేది ఐదు మీటర్ల లోపే. ఆ సంగతి మన కంటికి పుట్టినప్పటి నుంచీ అలవాటే. ఆరంతస్తుల రోబో ఆ క్షణంలో ఒకటిన్నర అంతస్తుకు కుంచించుకుపోతుంది.

కంప్యూటర్లు రాకముందు మినియేచర్లతో, అంటే చిన్న సైజు నమూనాలతో, పనిచేసిన కెమెరామన్లకు ఈ లెక్క కంఠతా వచ్చు. మోడల్ అసలు సైజులో నాలుగో వంతైతే కెమెరాను రెండింతల వేగంతో, అంటే 48 ఫ్రేములతో నడపాలి. పదహారో వంతైతే నాలుగింతలు, 96 ఫ్రేములు. దాన్ని మామూలు 24 ఫ్రేములతో చూపిస్తే కదలిక నెమ్మదిస్తుంది, అప్పుడే తెరమీద బరువు కనిపిస్తుంది. ఇప్పుడు మా చేతిలో అంతకంటే మంచి సాఫ్ట్‌వేర్లున్నాయి. కానీ ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ బరువును వేగం కోసం వదులుకుంటున్నాం.

రెండోది నేల. ఒక సినిమాలో నా పక్క సీటు పిల్లాడు "అది నేలమీద నిలబడలేదేంటి నాన్నా?" అని అడిగాడు. ఆ షాట్లో పాదం నేలను తాకేచోట నీడ పలచగా ఉంది, దుమ్ము లేవలేదు, మట్టి అణగలేదు. మేం కాంటాక్ట్ షాడో అనే దాన్ని పేరు తెలియకుండానే ఆ పిల్లాడు పట్టేశాడు. ప్రేక్షకుడికి ఏమీ తెలియదనుకునేవాళ్లు ఇలాంటి పిల్లల పక్కన కూర్చుని ఒక్క షో చూడాలి.

అపోహ: "అదంతా కంప్యూటర్లో చేసేదేగా, షూటింగ్‌తో ఏం పని?"

మా పనిని సగం నిర్ణయించేది షూటింగే. ముఖ్యంగా లోహపు రోబో అయితే. మెరిసే లోహానికి సొంత రంగు దాదాపు ఉండదు, చుట్టూ ఉన్నదే దానిలో కనిపిస్తుంది. ఆకాశం, ఎదురుగోడ, లైట్లు, హీరో వేసుకున్న ఎర్రచొక్కా అన్నీ దాని ఒంటిమీద కనపడాలి. అందుకే సెట్లో షాట్ అయ్యాక అదే చోట ఒక అద్దంలాంటి బంతినీ, ఒక బూడిదరంగు బంతినీ పెట్టి తీస్తాం. వేర్వేరు ఎక్స్‌పోజర్లలో చుట్టూ 360 డిగ్రీల ఫొటోలు కూడా తీసుకుంటాం. పట్టేది కాసేపే. కానీ సాయంత్రం వెలుతురు పోతోందంటే ముందుగా ఎగిరిపోయేది అదే. ఆరు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ తెర తప్ప సెట్ ఆనవాలు ఏమీ ఉండదు. వెలుతురు ఎటు నుంచి వచ్చిందో నటుడి ముక్కు నీడను చూసి ఊహించుకోవాలి. ఆ ఊహ కాస్త తప్పినా చూసేవాళ్లు "అతికించినట్టుంది" అంటారు. అతికించినట్టే ఉంటుంది మరి.

మా స్టూడియోకి దగ్గర్లోనే, వడపళనిలో విజయా వాహినీ స్టూడియో ఉండేది. 1957 నాటి 'మాయాబజార్' అక్కడ తయారైందే. కెమెరామన్ మార్కస్ బార్ట్లే అందులో చూపించిన వెన్నెలను జనం ఇవాళ్టికీ నమ్ముతున్నారు. వెలుతురు సంగతి తర్వాత చూసుకుందామని ఆ రోజుల్లో వదిలేయడానికి వీలు లేదు, కెమెరా ముందే తేల్చుకోవాలి.

చూపు సంగతీ అంతే. సెట్లో కర్ర చివర బంతి కట్టి, రోబో తల ఇక్కడుంటుంది, ఇటు చూడండి అంటారు. తర్వాత డిజైన్ మారి రోబో ఇంకో మీటరు పెరుగుతుంది. హీరో మాత్రం సినిమా అంతా దాని ఛాతీతోనే మాట్లాడుతుంటాడు. "హీరోకీ రోబోకీ మధ్య ఎమోషన్ పండలేదు" అని బయట అనుకోవడానికి ఇదీ ఒక కారణం.

అపోహ: "మనవాళ్లకు చేతకాదు. డబ్బు పోస్తే అదే వస్తుంది."

ఈ రెండు మాటలూ నన్ను బాధపెడతాయి. 2010లో ఇదే చెన్నై నుంచి వచ్చిన 'ఎందిరన్', మన 'రోబో', ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు గెలిచింది. దాన్ని అందుకున్న శ్రీనివాస్ మోహన్‌కే తర్వాత 'బాహుబలి'కీ, 'ఆర్ఆర్ఆర్'కీ కూడా అవార్డులొచ్చాయి. 'లైఫ్ ఆఫ్ పై' పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఆ సినిమాకు ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చిన 2013 ఫిబ్రవరిలోనే, వేడుకకు కొన్ని రోజుల ముందు ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. పని గొప్పగా ఉన్నా లెక్క కుదరని వ్యాపారం ఇది. సాధారణంగా షాట్ల జాబితా చూసి ముందే ఒక మొత్తానికి ఒప్పుకుంటారు. తర్వాత ఎడిట్ లాక్ కాదు, అంటే ఏ షాట్ ఉంటుందో ఏది పోతుందో తేలదు, రిలీజ్ డేట్ మాత్రం కదలదు. పూర్తిచేసిన షాట్లు కత్తెరకు పోతాయి, వాటి బదులు కొత్తవి చివరి వారాల్లో వస్తాయి. అంతటి ఆలస్యాన్ని ఎంత డబ్బు పోసినా పూర్తిగా కొనలేరు.

అపోహ: "రోబో ముఖం మనిషిలా ఉంటేనే కనెక్ట్ అవుతాం."

జపాన్ రోబోటిక్స్ ఆచార్యుడు మసాహిరో మోరి 1970లోనే దీనికి ఉల్టా చెప్పాడు. పోలిక పెరిగే కొద్దీ ఇష్టం పెరుగుతుంది, కానీ దాదాపు మనిషే అనిపించే దశకు రాగానే ఒక్కసారిగా వెగటు పుడుతుంది. దాన్ని అన్‌కానీ వ్యాలీ అంటారు. 1977 నాటి 'స్టార్ వార్స్'లోని ఆర్2-డీ2కి ముఖం లేదు, మాటల్లేవు. సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ ఇచ్చిన కూతలతోనే పిల్లలు దాన్ని ప్రేమించారు. మన నిర్మాతలు ముఖం మీద పెట్టే ఖర్చులో కొంత ధ్వని మీద పెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అపోహ: "సైన్స్ తప్పులున్నాయి, అందుకే జనం తిప్పికొట్టారు."

జనం సైన్స్ తప్పుల్ని చాలావరకు క్షమిస్తారు. క్షమించనిది, సినిమా తానే పెట్టుకున్న నియమాన్ని తానే తప్పడం. హోండా వారి నడిచే రోబో ఆసిమో ఒక్క చార్జింగ్‌తో నడిచేది సుమారు గంట. సినిమా రోబో నెలంతా నడిచినా అభ్యంతరం లేదు. కానీ ఫస్టాఫ్‌లో బ్యాటరీ అయిపోయి కూలబడిన రోబో, క్లైమాక్స్‌లో రాత్రంతా ఫైట్ చేస్తే హాల్లో ఫోన్లు వెలుగుతాయి. సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 1942లో రోబోలకు మూడు నియమాలు రాసి, వాటి మధ్య ఘర్షణలోంచే కథ పుట్టించాడు. మన కథల్లో చాలాసార్లు ఫైట్లు ముందు ఖాయమవుతాయి, నియమాలు తర్వాత వెతుక్కుంటారు.

అపోహ: "ఇప్పుడు ఏఐ ఉందిగా, వారంలో అయిపోతుంది."

కొన్ని పనులు నిజంగానే తేలికయ్యాయి. ముఖ్యంగా నటుడి అంచుల్ని ఫ్రేము ఫ్రేముకూ విడదీసే రోటో. కానీ 'రోబో ఎడమచెయ్యి మాత్రం కొంచెం ఆలస్యంగా లేపు' అన్న దర్శకుడి కరెక్షన్‌ను మిగతాదేమీ మారకుండా తీర్చడానికి ఇంకా మనిషి కూర్చోవాలి.

అపోహ: "మొదటిరోజు టాక్ తప్పు. 'బ్లేడ్ రన్నర్' కూడా మొదట ఆడలేదు."

అది నిజమే, 1982లో ఆ హాలీవుడ్ సినిమాకు దక్కాల్సిన ఆదరణ దక్కలేదు. అంతమాత్రాన ఆడని ప్రతి సినిమానూ ఆ వరుసలో నిలబెట్టడం ప్రేక్షకుణ్ణి అవమానించడమే. నాకు ఉపయోగపడే టాక్ ఒకటే: ఏ సీన్ దగ్గర నమ్మకం పోయింది? 'గ్రాఫిక్స్ వరస్ట్' అంటే నేనేమీ దిద్దుకోలేను. 'ఫ్లైఓవర్ మీంచి దూకినప్పుడు నవ్వొచ్చింది' అంటే ఆ షాట్ తెరిచి చూస్తాను.

అపోహ: "ఫోన్లో ట్రైలర్ బాగుంది, హాల్లో మసకగా ఉంది. మనకు వేరేది చూపించారు."

చాలాసార్లు తేడా ప్రొజెక్టర్‌లో ఉంటుంది. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం 2డీ తెరమీద, వెలుగును కొలిచే లెక్కలో, 14 ఫుట్-లాంబర్ట్‌ల వెలుతురు ఉండాలి. 3డీ కళ్లద్దాలు దాటి కంటికి చేరేది సాధారణంగా అందులో మూడో వంతు దగ్గర. ల్యాంపు పాతబడితే ఇంకా తగ్గుతుంది. రాత్రి సీన్లలో మేం వారాలు కూర్చుని చేసిన నీడల వివరాలు ముందుగా మాయమైపోతాయి. 2డీ షోకి కూడా 3డీ లెన్స్ తీయకుండా వదిలేసే హాళ్లుంటాయి. తెర మరీ చీకటిగా అనిపిస్తే ఇంటర్వెల్ దాకా ఆగకుండా బయటికెళ్లి మేనేజర్‌కు చెప్పండి. లెన్స్ సంగతైతే ఆ షోలోనే సరిచేయగలరు.