ఫోన్ ముందు పట్టిన పదం ఎవరిది?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక శ్రీరామనవమి పందిళ్లలోనూ గుళ్ల కల్యాణోత్సవాలలోనూ జరగవలసిన కార్యక్రమాలు రద్దయి, నాట్యబృందాలు ఆన్‌లైన్ ప్రదర్శనల వైపు మళ్లాయి. బృందంలోని వారు ఎవరింట్లో వారు రెండు మూడు నిమిషాల నాట్యచిత్రం తీసి పంపితే, వాటిని వరుసగా కూర్చి ఒక సాయంత్రం ప్రసారం చేయడం అప్పటి పద్ధతి. అమెరికాలోని నృత్యసంస్థ న్యూయార్క్ సిటీ బాలే కూడా ఆ ఏడాది అక్టోబరులో ఆరుబయట చిత్రీకరించిన కొత్త నృత్యాలను ఆన్‌లైన్‌లో విడుదల చేసింది. అయితే అక్కడ కెమెరా పట్టడానికి వేరే మనుషులున్నారు. కోనసీమలో ఆ పని తమ్ముడిది, తమ్ముడు లేకపోతే స్టూలు మీది బియ్యం డబ్బాది. అలా తీసిన చిత్రం నర్తకిదా, బృందానిదా అన్న తగవుకు మాత్రం ఫోన్ కంటే చాలా పాత చరిత్ర ఉంది.

ఈ గోదావరి డెల్టాలో నాట్యం మేళాలది, అంటే వృత్తి నర్తకీబృందాలది. ద్రాక్షారామ శాసనాలలో గుడిసానుల, అంటే గుడి నర్తకుల, దానాలు కనిపిస్తాయి. తరువాతి కాలంలో వంశపారంపర్యంగా నాట్యం చేసే కలావంతుల మేళాలు గుళ్లలోనూ, జమీందారుల, భూస్వాముల ఇళ్లలో అతిథుల ముందు జరిగే మేజువాణీలలోనూ ఆడాయి. మేజువాణీలో క్షేత్రయ్య పదాన్ని, అంటే ఆయన శృంగార గీతాన్ని, కూర్చునే అభినయించేవారు. చూసేవారు నాలుగడుగుల దూరంలో ఉండేవారు కనుక, కనుబొమ కదలికకే ఒక అర్థం చెప్పి, అదే పల్లవికి మరో అర్థం చెప్పగలిగేవారు. గుళ్లకు స్త్రీలను అంకితమివ్వడాన్ని నిషేధించిన మద్రాసు దేవదాసీ చట్టం 1947లో వచ్చాక, అంతకుముందు నుంచీ సాగుతున్న సంస్కరణోద్యమ ప్రభావమూ తోడై, ఈ మేళాలు చెదిరిపోయాయి. 1972లో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కలావంతుల కళాకారిణులను హైదరాబాదుకు రప్పించి వారి విద్యను కొత్త తరానికి చూపించారు. బల్లిపాడుకు చెందిన కలావంతుల కళాకారిణి సరిదె మాణిక్యమ్మ వద్ద నర్తకి స్వప్నసుందరి నేర్చుకున్నారు. విద్య నిలిచింది కానీ, అది చేరిన వేదికకూ ప్రేక్షకుడికీ మధ్య దూరం పెరిగింది.

నడుము పైభాగమే పట్టే ఫోన్ ఫ్రేము ఆ దూరాన్ని అనుకోకుండా తగ్గించింది. నేను చూసిన ఒక చిత్రంలో నర్తకి అరుగు మీద కూర్చుని పదం పడుతుంది. గజ్జెలు కనిపించవు, కొబ్బరాకుల గాలి శ్రుతిని మింగేస్తుంది, అయినా ఆ చూపులోని ఎత్తిపొడుపు ఏ వేదిక మీదా నాకు అంత స్పష్టంగా అందలేదు. చివర తెర మీద బృందం పేరుంది, గురువు పేరుంది, ఆమె పేరు లేదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రాతలోనో మరో రూపంలోనో స్థిరపడిన నృత్యరచన నాటక కృతి కిందికి వస్తుంది. చలనచిత్రానికి కర్త నిర్మాత; అంటే దాన్ని తీయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. తీయమని అడిగిన బృందానిదా ఆ చొరవ, తన అరుగు తుడుచుకుని తీసుకున్న నర్తకిదా? ప్రదర్శకుల హక్కులను 1994 సవరణ గుర్తించింది. ప్రదర్శకురాలిగా తన పేరు వేయాలని కోరే హక్కును 2012 సవరణ చేర్చింది. తన ప్రదర్శనను చిత్రంలో చేర్చడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే, ఆ చిత్రంలో తన ప్రదర్శన హక్కును నిర్మాత వాడుకోవడానికి ఆమె వదులుకున్నట్టు. చిన్న బృందాలలో అలాంటి ఒప్పందపత్రం దాదాపు ఉండదు. ఉండేది ‘రేపటికల్లా వీడియో పంపమ్మా’ అన్న వాట్సాప్ సందేశం, దాని కింద ‘సరే అండీ’ అన్న జవాబు.