నోటితో 140, కాగితం మీద 200

బ్రెజిల్‌లోని రెసిఫెలో, వీధిలో కొబ్బరికాయలమ్మే ఓ పిల్లాడిని ఒకరు అడిగారు, కాయ 35 అయితే నాలుగు కాయలెంత అని. మూడింటికి 105, ఇంకోటి కలిపితే 140 అన్నాడు. కరెక్టే. తర్వాత అదే పిల్లాడికి కాగితం, పెన్సిలు ఇచ్చి 35ని 4తో గుణించమంటే 200 వేశాడు! నాలుగైదులు ఇరవై, సున్నా వేసి చేతిలో రెండు, ఆ రెండూ ఈ మూడూ ఐదు, మళ్లీ నాలుగైదులు ఇరవై. గుణించాక కలపాల్సిన రెండుని ముందే కలిపేశాడు, అంతే తప్పు. ముందు 140 అన్నది ఇప్పుడు 200 ఎందుకైందన్న అనుమానం మాత్రం వచ్చినట్టు లేదు.

అడిగింది కొనేవాళ్లు కాదు, పరిశోధకులు. టెరెజినా నూనెస్, ఆమె సహచరులు 1985లో ఇది ప్రచురించారు. చూసింది ఐదుగురు పిల్లలనే, కానీ అంగట్లో 98 శాతం సరిగ్గా చెప్పినవాళ్లు, ఉత్త అంకెలు రాసిచ్చేసరికి 37 శాతానికి పడిపోయారు. ఎక్కాలు దండగ అని నేననను, మూడు ముప్పై ఐదులు నూట ఐదని నోటికి రాబట్టే కదా ఆ పిల్లాడు గట్టెక్కాడు.

లెక్క చేశాక ఒకసారి వెనక్కి చూసుకోమని గణితవేత్త జార్జ్ పోయా 1945లోనే తన పుస్తకంలో రాశాడు. ముందు లెక్క అర్థం చేసుకో, దారి ఆలోచించు, చెయ్యి, చివర్న వచ్చిన జవాబు పొసుగుతుందో లేదో చూడు. మన బళ్లలో మూడోదొక్కటే మిగిలింది.

మన దగ్గర 1993లో యశ్‌పాల్ కమిటీ చదువు బరువు గురించి మొత్తుకుంది. తర్వాత 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కోసం గణితంపై ఒక బృందం కూర్చుంది. దానికి పెద్ద ఆర్. రామానుజం (శ్రీనివాస రామానుజన్ కాదు, అప్పట్లో చెన్నైలో ప్రొఫెసర్). పిల్లల ఆలోచననే గణితం వైపు మళ్లించాలన్నారు, లెక్కలంటే భయానికి మొరటు పరీక్షలూ ఒక కారణమని రాశారు. ఆ వరసలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 ప్రణాళిక, దాని వెంట కొత్త పుస్తకాలు వచ్చాయి. పేజీల మధ్యలో 'ప్రయత్నించండి', 'ఆలోచించి, చర్చించి రాయండి' అని పెట్టెలు. నాకు నచ్చిన పుస్తకాలవి. కానీ గైడ్లలో ఆ పెట్టెలకీ రెడీమేడ్ జవాబులొచ్చేశాయి, పిల్లలు వాటిని ఎక్కించుకుంటూ పోయారు. చర్చించడానికి పీరియడ్ ఎక్కడిది, సిలబస్ అవ్వాలిగా.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రచురించింది. కూరగాయల లెక్క చకచకా చెప్పినవాళ్లలో చాలామంది బడి లెక్క దగ్గర ఆగిపోయారు. ఈసారి వాళ్లు అటువైపూ చూశారు. అంగడి పని తెలియని బడి పిల్లలకు పుస్తకం లెక్కలు మెరుగ్గానే వచ్చాయి, అదే లెక్క బేరంలో ఎదురైతే తడబడ్డారు.