60 ఓట్లు ఎక్కడ అడ్డుపడతాయి, ఎక్కడ పడవు: అమెరికా ప్రతిపక్షంపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కొత్త అధ్యక్షుడు వచ్చిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు తిరుగుతాయి. "సెనేట్, హౌస్ రెండూ ఆయన పార్టీవే, ఇక ఆపేవాళ్లు ఎవరు?" అనేది ఒకటి. "సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, అవి రావు, నిశ్చింతగా ఉండండి" అనేది రెండోది. మొదటి మాట నిద్ర చెడగొడుతుంది. రెండో మాట అంతకంటే ఎక్కువ నష్టం చేస్తుంది, దాన్ని నమ్మినవాళ్లు జాగ్రత్తపడాల్సిన నెలల్లో చేతులు కట్టుకుని కూర్చుంటారు. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: 60 ఓట్లు లేనిదే సెనేట్‌లో ఏదీ కదలదు

వంద మంది ఉండే ఎగువ సభ సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే 60 మంది ఒప్పుకోవాలి. అలా ఒప్పుకోకుండా చర్చను సాగదీసి బిల్లును ఆపడమే ఫిలిబస్టర్. దిగువ సభ హౌస్‌లో ఈ లెక్క లేదు. ఈ 60 ఓట్ల అడ్డు మామూలు బిల్లులకే. పన్నులు, ఖర్చు, అప్పు పరిమితికి సంబంధించిన అంశాలకు రికన్సిలియేషన్ అనే వేరే దారి ఉంది. 1974 బడ్జెట్ చట్టం వేసిన దారి అది. ముందు రెండు సభలూ ఒకే బడ్జెట్ తీర్మానం ఆమోదిస్తాయి. ఏ కమిటీ ఎంత మొత్తం మేరకు మార్పులు చేయాలో అందులోనే ఆదేశాలుంటాయి. ఆ మేరకు వచ్చిన బిల్లుపై సెనేట్‌లో చర్చ 20 గంటలకు మించకూడదు. చర్చకు గడువుంటే ఫిలిబస్టర్‌కు తావే లేదు. మన ద్రవ్య బిల్లును రాజ్యసభ ఆపలేనట్టే ఇక్కడ మైనారిటీ పార్టీ, అంటే ప్రతిపక్షం, ఆపలేదు, 51 ఓట్లు చాలు.

మనవాళ్ల జేబును తాకిన ఉదాహరణే చూడండి. 2025 మేలో హౌస్ కమిటీ ముసాయిదాలో, పౌరులు కానివాళ్లు సొంత దేశానికి పంపే డబ్బుపై 5 శాతం పన్ను పెట్టారు. ఊళ్లో ఇంటి లోనుకు నెలనెలా డబ్బు పంపేవాళ్లు అది చూసి కంగారుపడ్డారు, ఆ కంగారులో తప్పేమీ లేదు. వాళ్లకు దొరికిన ధైర్యమే తప్పు: "60 ఓట్లు రావు, వదిలేయండి." అది మొదటి రోజు నుంచీ రికన్సిలియేషన్ బిల్లే. హౌస్‌లో పాసయ్యే నాటికి పన్ను 3.5 శాతమైంది. సెనేట్‌లో 1 శాతానికి దిగింది. అది కూడా నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్‌తో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి గానీ అమెరికాలో జారీ అయిన కార్డుతో గానీ పంపితే పన్ను లేదు. 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెనేట్‌లో 50-50గా ఆగితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది. మైనారిటీలో ఉన్న డెమొక్రాట్లలో ఒక్కరూ అనుకూలంగా వేయలేదు, ఒక్కరి ఓటూ అవసరం పడలేదు. రేటు తగ్గింది మెజారిటీ పార్టీ లోపలి బేరసారాల్లో.

గుర్తుపట్టడం సులువు. కాంగ్రెస్ డాట్ గవ్‌లో బిల్లు పాఠం తెరవండి. పైన అధికారిక శీర్షికలో ఫలానా బడ్జెట్ తీర్మానం ప్రకారం "రికన్సిలియేషన్ కోసం" అని ఉంటే 60 లెక్క మర్చిపోండి.

మరి ఈ దారిలో మైనారిటీ చేతిలో ఏముంది? బర్డ్ రూల్ ఉంది. బడ్జెట్‌పై ప్రభావం లేనివి, ఉన్నా అది అసలు విధానపు మార్పు ముందు నామమాత్రమైనవి, సోషల్ సెక్యూరిటీని ముట్టుకునేవి, బడ్జెట్ కాలం దాటాక లోటు పెంచేవి ఇందులో ఇమడవు. రెండు పార్టీల సిబ్బంది సెనేట్ పార్లమెంటేరియన్ (నిబంధనలపై సలహా ఇచ్చే, ఏ పార్టీకీ చెందని అధికారి) ముందు కూర్చుని నిబంధన నిబంధనకూ వాదిస్తారు. తర్వాత సభలో ఒక్క సెనేటర్ అభ్యంతరం లేవనెత్తి నెగ్గితే ఆ ముక్క రాలిపోతుంది, మిగతా బిల్లు నిలుస్తుంది. దాన్ని తిరిగి నిలబెట్టాలంటే అప్పుడు కావాలి 60 ఓట్లు. 2021లో డెమొక్రాట్లు మెజారిటీలో ఉండి తెచ్చిన మూడు ఇమిగ్రేషన్ ప్రతిపాదనలు ఇలా పార్లమెంటేరియన్ దగ్గరే ఆగిపోయాయి. పైన చెప్పిన 2025 చట్టంలో మాత్రం 250 డాలర్ల వీసా ఇంటెగ్రిటీ ఫీజు నిలిచింది. ఫీజంటే ఆదాయం. వీసా అర్హతలు మార్చడమంటే విధానం. ఈ తేడా పట్టుకుంటే సగం పుకార్లు మీ గుమ్మం దాటవు.

ఇంకో ఆయుధం వోట్-ఎ-రామా. 20 గంటలు అయిపోయాక ఎన్ని సవరణలైనా పెట్టి వరసగా ఓటింగ్ కోరవచ్చు. 2025లో అది 26 గంటలు దాటింది. అంతకుముందే డెమొక్రాట్లు సుమారు 940 పేజీల బిల్లును క్లర్కులతో పూర్తిగా చదివించారు, దాదాపు 16 గంటలు పట్టింది. వీటివల్ల బిల్లు ఆగదు. అయితే మెజారిటీ సభ్యులు ఇబ్బందికరమైన ఓట్లు వేయక తప్పదు, ఒక్కోసారి ఏదో ఒక నిబంధన ఊడుతుంది కూడా. రాష్ట్రాల ఏఐ చట్టాలకు పెట్టబోయిన అడ్డుకట్టను ఆ రాత్రి రెండు పార్టీలూ కలిసి 99-1తో తీసేశాయి.

అపోహ: ఫిలిబస్టర్ అంటే గంటల తరబడి ఉపన్యాసం

చాలావరకు ఎవరూ నోరు విప్పాల్సిన పని లేదు. చర్చ ముగించాలంటే మెజారిటీ క్లోచర్ పిటిషన్ వేయాలి, దానిపై 16 మంది సంతకాలు ఉండాలి. మధ్యలో ఒక పనిదినం గడవాలి. అప్పుడు ఓటింగ్, 60 రావాలి. వచ్చాక కూడా 30 గంటల వరకు చర్చ మిగిలి ఉంటుంది. బిల్లును చర్చకు తీసుకునే తీర్మానానికి ఒకసారి, బిల్లుకు మళ్లీ ఒకసారి. అంటే 60 మంది చేతిలో ఉన్నా ఒక్క బిల్లుకు వారం పోతుంది.

ఈ ఆలస్యం తప్పించుకోవడానికే సెనేట్ రోజువారీ పనంతా ఏకగ్రీవ సమ్మతి మీద నడుస్తుంది. ఇక్కడే మన అలవాటు మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. "వాకౌట్ చేయొచ్చుగా" అని అడుగుతారు. వాకౌట్ చేస్తే అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు, మెజారిటీ అడిగిన ప్రతిదీ క్షణంలో అయిపోతుంది. అందుకే మైనారిటీ తరఫున ఎవరో ఒకరు సభలో కాపలా ఉండాల్సిందే. 2023లో మైనారిటీలో ఉన్న రిపబ్లికన్ సెనేటర్ టబర్‌విల్ ఒక్కడే ఈ సమ్మతి నిరాకరించి 400కు పైగా సైనిక పదోన్నతులను నెలల తరబడి నిలిపేశాడు.

అవిశ్వాస తీర్మానం అక్కడ లేదు. పార్టీ ఫిరాయింపుల చట్టం కూడా లేదు, విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోదు. కాబట్టి మైనారిటీకి అవతలి పార్టీలో ముగ్గురు నలుగురు దొరికితే కథ మారుతుంది. 2017 జూలైలో ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేయాలని రిపబ్లికన్లు చేసిన ప్రయత్నం 49-51తో ఓడింది సొంత పార్టీ సెనేటర్లు కాలిన్స్, మర్కౌస్కీ, మెకెయిన్‌ల వల్లే. హౌస్‌లో డిశ్చార్జ్ పిటిషన్‌కు 218 సంతకాలు పడితే స్పీకర్‌కు ఇష్టం లేకపోయినా బిల్లు ఓటింగ్‌కు వస్తుంది. 2025 నవంబరులో, లైంగిక నేరాల నిందితుడు ఎప్‌స్టీన్ కేసు పత్రాలను బయటపెట్టాలన్న బిల్లు అలాగే వచ్చింది: సంతకాలు పెట్టింది డెమొక్రాట్లంతా, నలుగురు రిపబ్లికన్లు.

అపోహ: మంత్రులను, జడ్జీలను ఆపగలరు

ఆపలేరు, ఆలస్యం చేయగలరు, అదీ తగ్గిపోతోంది. సెనేట్ మెజారిటీ నేతలుగా 2013లో రీడ్, 2017లో మెకానెల్ మార్చిన పద్ధతితో సుప్రీంకోర్టు దాకా నియామకాలన్నిటికీ సాధారణ మెజారిటీ చాలు. 2019లో కింది స్థాయి నియామకాలకు చర్చ 2 గంటలకు కుదించారు. 2025 సెప్టెంబరు నుంచి పదుల కొద్దీ పేర్లను ఒకే ఓటుతో కానిస్తున్నారు. మిగిలింది బ్లూ స్లిప్: సొంత రాష్ట్రపు ఫెడరల్ జిల్లా జడ్జి, యూఎస్ అటార్నీ (ఫెడరల్ ప్రాసిక్యూటర్) పదవులకు ఆ రాష్ట్ర సెనేటర్ల సమ్మతి. అది చట్టం కాదు, కమిటీ ఆనవాయితీ.

అపోహ: షట్‌డౌన్ వస్తే వీసాలన్నీ బంద్

ప్రభుత్వం నడవడానికి ఏటా పాసవ్వాల్సిన ఖర్చు బిల్లులు రికన్సిలియేషన్ దారిలో రావు, వాటికి 60 కావాలి, అందుకే మైనారిటీ గట్టిగా పట్టుపట్టేది అక్కడే. ఆ బిల్లు పాసవక ప్రభుత్వ పనులు ఆగిపోవడమే షట్‌డౌన్. 2025 అక్టోబరు 1న మొదలైనది 43 రోజులు సాగింది. డెమొక్రాట్ల వైపు నుంచి ఎనిమిది మంది సెనేటర్లు అటు కలిసి 60-40 చేశాక ముగిసింది. ఆరోగ్య బీమా సబ్సిడీలపై ఓటింగ్ పెడతామన్న మాట తప్ప డెమొక్రాట్లు కోరిన పొడిగింపు రాలేదు. వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ప్రధానంగా ఫీజులతో నడుస్తుంది కాబట్టి దాని పని సాగింది. ఆగింది లేబర్ డిపార్ట్‌మెంట్‌లో. ఎల్‌సీఏ (హెచ్-1బి దరఖాస్తుకు ముందు కంపెనీ తీసుకోవాల్సిన లేబర్ ధ్రువీకరణ), పెర్మ్ (గ్రీన్‌కార్డుకు కావాల్సిన లేబర్ ధ్రువీకరణ) రెండూ అక్టోబరు చివరి దాకా నిలిచిపోయాయి, ఎల్‌సీఏ లేనిదే హెచ్-1బి ట్రాన్స్‌ఫర్ వేయలేరు. ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవాళ్లు సెప్టెంబరు 30 లోపే ఎల్‌సీఏ సర్టిఫై చేయించి పెట్టుకోవడం మంచిది. అమెరికా ఆర్థిక సంవత్సరం ఆ రోజుతో ముగుస్తుంది.

అపోహ: ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌ను ప్రతిపక్షం సెనేట్‌లో అడ్డుకోవాలి

ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే అధ్యక్షుడు సొంతంగా జారీ చేసే ఉత్తర్వు, అది సెనేట్‌కు రానే రాదు. 2025 సెప్టెంబరు 19న హెచ్-1బిపై లక్ష డాలర్ల రుసుము ప్రొక్లమేషన్‌గా, అంటే అధ్యక్షుడి ప్రకటనగా, వచ్చింది, ఎవరూ ఓటు వేయలేదు. ఆ రాత్రి ఇండియాలో ఉన్నవాళ్లు పడిన ఆందోళన మాటల్లో చెప్పలేం. అది కొత్త దరఖాస్తులకే, ఉన్న వీసాలకు కాదని స్పష్టత వచ్చేలోపే చాలామంది టికెట్లు కొనేశారు. ఇలాంటివాటిపై పోరాటం కోర్టుల్లో, ముఖ్యంగా ప్రతిపక్ష పార్టీ చేతిలో ఉన్న రాష్ట్రాల అటార్నీ జనరళ్ల ద్వారా జరుగుతుంది. జన్మతః పౌరసత్వంపై 2025 జనవరి 20న ఆర్డర్ వస్తే, రాష్ట్రాలు వేసిన కేసులో 23నే సియాటెల్ జడ్జి నిలిపేశారు. జూన్ 27న సుప్రీంకోర్టు దేశవ్యాప్త స్టేలను పరిమితం చేశాక న్యాయవాదులు క్లాస్ యాక్షన్, అంటే ఒకే రకం బాధితులందరి తరఫున వేసే కేసు, దారి పట్టారు. ఇప్పుడు కేసు వార్త చూస్తే స్టే వచ్చిందా అనే కాదు, అది ఎవరికి వర్తిస్తుందో కూడా చదవాలి.

అధ్యక్షుడు ప్రకటించిన ఎమర్జెన్సీ రద్దుకు మాత్రం సెనేట్‌లో మైనారిటీ ఓటింగ్‌ను బలవంతంగా రప్పించగలదు. 2025 ఏప్రిల్‌లో కెనడా సుంకాలకు ఆధారమైన ఎమర్జెన్సీపై డెమొక్రాట్ సెనేటర్ టిమ్ కెయిన్ తీర్మానం 51-48తో నెగ్గింది. కానీ హౌస్ కూడా ఒప్పుకోవాలి, ఆపై వీటో దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి.

చివరగా, "ఓపీటీ రద్దు బిల్లు వచ్చేసింది" లాంటి ఫార్వర్డులు (ఓపీటీ అంటే చదువయ్యాక విద్యార్థులు అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి). బిల్లు ప్రవేశపెట్టడానికి ఒక్క సభ్యుడు చాలు. రెండు సభలూ కలిసిన కాంగ్రెస్ ప్రతి రెండేళ్ల కాలంలో వేల బిల్లులు కమిటీ గడప దాటకుండానే ముగిసిపోతాయి. స్థితి దగ్గర "ఇంట్రడ్యూస్డ్" అనే ఉంటే పిల్లల చదువు, ఇంటి అద్దె ఒప్పందం, పెళ్లి ముహూర్తం ఏవీ మార్చుకోవద్దు. కమిటీ ఓటింగ్ తేదీ పడినప్పుడు, లేదా ఫెడరల్ రిజిస్టర్‌లో (అక్కడి ప్రభుత్వ గెజిట్) ప్రతిపాదిత నిబంధన వచ్చినప్పుడు మీ లాయర్‌కు ఫోన్ చేయండి. రిజిస్టర్‌లో వచ్చినదానికి మామూలుగా 30 నుంచి 60 రోజుల అభిప్రాయాల గడువు ఉంటుంది. అందులో ఎవరైనా, వీసా మీద ఉన్నవాళ్లు కూడా, తమ అభ్యంతరం నమోదు చేయవచ్చు.