పైన్ చెట్ల కింద తెల్ల బూజు: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, నా ఫోన్ నిండా పుట్టగొడుగుల ఫొటోలే. పైన్ చెట్టు మొదట్లో ఎండు సూదాకులు పక్కకి తోసి, తెల్లటి దారాలు కనపడేలా తీసినవి. కింద ఒకటే ప్రశ్న: "మేడమ్, బూజు పట్టింది, ఏం మందు పోయాలి?" నేను కొడైకెనాల్, ఊటీ వైపు పైన్ తోటల్లో మట్టి, వేర్లు పరీక్ష చేస్తుంటాను. ఈమధ్య అరకు, లంబసింగి వైపు సరదాగా పైన్ మొక్కలు పెట్టుకున్న మనవాళ్ల ఫోన్లూ ఎక్కువయ్యాయి. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అపోహ: తెల్ల బూజు అంటే వేరుకుళ్లు. కొత్త రకం పుట్టగొడుగులు వస్తున్నాయంటే నేల పాడైనట్టే.

దీనివల్ల డబ్బూ పోతోంది, చెట్లూ దెబ్బతింటున్నాయి. ముందు మందు డబ్బా పక్కన పెట్టండి.

పైన్ వేరు ఒంటరిగా బతకదు. దాని సన్న వేర్ల కొసల్ని శిలీంధ్రం తొడుగులా కప్పేస్తుంది. భాస్వరం, నత్రజని అది తెచ్చిపెడుతుంది, బదులుగా చెట్టు చక్కెర ఇస్తుంది. మీరు చూసే తెల్ల దారాల్లో చాలావరకు ఇవే. మిగతావి రాలిన సూదాకుల్ని కుళ్లబెట్టేవి. వాటితోనూ చెట్టుకు ప్రమాదం లేదు.

ఇక రకాలు మారడం సంగతి. నర్సరీ మొక్క వేర్ల మీద ఉండే శిలీంధ్రాలు థెలెఫోరా, లకేరియా లాంటివి. గాలికి వచ్చిన సిద్ధబీజాల (స్పోర్ల) నుంచే మొలకెత్తి, లేత మొక్క ఇచ్చే కాస్త చక్కెరతో సర్దుకుంటాయి. నాటిన తొలి ఏళ్లలో రైజోపోగాన్, స్విల్లస్ జోరుగా ఉంటాయి. కొమ్మలు కలిసి, కింద నీడ కమ్మి, సూదాకులు మందంగా పేరుకునే సరికి నేల పులుపెక్కుతుంది, నత్రజని ఆ ఆకుచెత్తలోనే చిక్కుకుపోతుంది. అప్పుడు అమనైటా (తెల్ల మచ్చల ఎర్ర గొడుగు ఈ జాతిదే), రుస్సులా లాంటివి పైచేయి సాధిస్తాయి. వీటికి చక్కెర ఎక్కువ కావాలి, ఒక వేరు నుంచి ఇంకో వేరుకి దారాలతోనే పాకుతాయి. అంటే రకం మారడం తోట వయసుకు గుర్తు, రోగానికి కాదు.

కొడైకెనాల్ దగ్గర హోమ్‌స్టే నడిపే ఒక గుంటూరు పెద్దాయన ఉన్నారు. "అమ్మా, మొదట్లో గోధుమరంగువి వచ్చేవి, ఇప్పుడు ఎర్రవి, పైన తెల్ల మచ్చలు. నేలకి విషం పట్టిందంటున్నారు అందరూ" అన్నారు. టెన్షన్‌తో నిద్ర లేదట పాపం. నేను వెళ్లేసరికి డ్రమ్ములో మందు కలిపి సిద్ధంగా ఉంది. అక్కడే కూర్చుని వేళ్లతో సూదాకులు తీసి, ఒక సన్న వేరు కడిగి, భూతద్దం చేతికిచ్చాను. పొట్టి వేర్లన్నీ రెండుగా చీలి, కొస మొద్దుగా, తెల్లటి తొడుగుతో ఉన్నాయి. వాటి మధ్య సెనోకోకమ్ అనే మరో మంచి శిలీంధ్రం తొడుగున్న వేరు ఒకటి, బొగ్గులా నల్లగా, బిరుసు వెంట్రుకలతో. కుళ్లిన వేరైతే నలిపితే తోలు ఊడి చేతికొస్తుంది, ఇవి గట్టిగా ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, "మరి ఈ డ్రమ్ము ఏం చెయ్యను?" అని మాత్రం అడిగారు.

పోసేస్తే ఏమయ్యేదంటారా? అమెరికా దక్షిణ రాష్ట్రాల నర్సరీల్లో తుప్పు తెగులుకని పైన్ మొక్కలకు ట్రయాడిమెఫాన్ అనే శిలీంధ్రనాశిని వాడితే వేర్ల మీది మైకోరైజా (ఇందాక చెప్పిన వేరు-శిలీంధ్రం జోడీ) తగ్గిపోయింది. మంచి శిలీంధ్రాన్ని చంపడానికి మీరే డబ్బు కట్టినట్టు.

నిజంగా భయపడాల్సింది ఆర్మిల్లేరియా అనే వేరుకుళ్లు శిలీంధ్రానికి. చెట్టు మొదట్లో జిగురు కారుతూ, పైన ఆకులు పలచబడి, బెరడు లేపితే కింద తెల్లటి పొర కనిపిస్తే అప్పుడు ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా సరే.

అపోహ: వ్యామ్ (వేర్లకి మేలు చేసే శిలీంధ్రపు ఎరువు) ప్యాకెట్ వేస్తే పైన్ మొక్కలు లేస్తాయి.

లేవవు. అది మిరపకి, మొక్కజొన్నకి, మామిడికి. పైన్‌కి కావాల్సింది వేరుని బయటి నుంచి తొడుగులా కప్పే ఎక్టోమైకోరైజా, అది వేరే జాతి వ్యవహారం. దక్షిణ భారతంలో పైన్ సహజంగా లేదు. మన దగ్గర నాటే పాట్యులా పైన్ మెక్సికోది. దాని శిలీంధ్రాలు కూడా బయటి నుంచి రావాల్సిందే. ప్యూర్టో రికోలో పైన్ మొక్కలు పసుపెక్కి చచ్చిపోతూ ఉంటే, 1950ల్లో నార్త్ కరోలినా పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే నిలదొక్కుకున్నాయి. మీరూ మట్టి తెస్తే ముసలి తోట నుంచి కాకుండా రోగం లేని లేత తోట నుంచి తెండి. ముసలి తోటలోని రకాలు బతికున్న వేరు నుంచి విడదీస్తే లేత మొక్కకి అంత తేలిగ్గా అంటుకోవు.

అపోహ: పైన కనిపించే పుట్టగొడుగులు లెక్కపెడితే కింద ఏముందో తెలుస్తుంది.

తెలియదు. కాలిఫోర్నియాలోని పాయింట్ రేయస్ పైన్ అడవుల్లో ఒక స్విల్లస్ రకం నేలంతా పుట్టగొడుగులేస్తుంది, వేర్ల మీద చూస్తే చాలా తక్కువ. గొడుగే వేయని రకాలు కింద బోలెడు. డీఎన్ఏ పరీక్షే గతి.

అపోహ: ఎర్ర గొడుగు ఉడికిస్తే తినొచ్చు.

వద్దు. అంతే.

అపోహ: చెట్లు కొట్టేసినా శిలీంధ్రాలు అలాగే ఉంటాయి.

వేరు చస్తే చక్కెర ఆగిపోతుంది, దాన్ని నమ్ముకున్న దారాలూ పోతాయి. మొద్దుల్ని కుళ్లబెట్టేవి పెరుగుతాయి. రైజోపోగాన్ సిద్ధబీజాలు మాత్రం మట్టిలో ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి, మళ్లీ నాటిన మొక్కని ముందు పట్టుకునే వాటిలో అవీ ఉంటాయి. అందుకే తిరిగి నాటేవాళ్లు పాత మట్టిని ఎత్తి పారబోయకండి.