లింకన్ గురించి విన్నవీ, ఉన్నవీ

డిగ్రీ పిల్లలకు అమెరికా చరిత్ర చెబుతుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా, నేను పాఠం మొదలుపెట్టకముందే వాళ్ల బుర్రల్లో ఒక లింకన్ తయారుగా ఉంటాడు. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒక్క సంతకంతో బానిసలందరినీ విడిపించేశాడు.

వాస్తవం: 1863 జనవరి 1 నాటి విమోచన ప్రకటన, దేశం నుంచి విడిపోయి అంతర్యుద్ధానికి దిగిన దక్షిణాది తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌లోనే, అంటే విడిపోకుండా అమెరికా పక్షానే ఉండిపోయిన కెంటకీ, మేరీల్యాండ్, మిస్సోరీ, డెలావేర్‌లలోని బానిసల జోలికి వెళ్లలేదు. వెళ్లే అధికారం ఆయనకు లేదు. సర్వసైన్యాధ్యక్షుడిగా, శత్రువును దెబ్బతీసే యుద్ధచర్యగా మాత్రమే ఆ పని చేయగలడు. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరులో, రాజ్యాంగ 13వ సవరణతో. అప్పటికి ఆయన బతికి లేడు.

అలాగని అది ఉత్తుత్తి కాగితం అనేవాళ్లనూ నమ్మకండి. యూనియన్ సైన్యం ముందుకు వెళ్లిన చోటల్లా అది అమలైంది. నల్లజాతి వాళ్లను సైన్యంలో చేర్చుకోవడానికి దారి తీసింది. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,80,000 మంది చేరారు.

ప్రకటన మీద సంతకం చేసిన రోజు న్యూ ఇయర్ కావడంతో వైట్‌హౌస్‌కు వచ్చినవాళ్లకు గంటల తరబడి షేక్‌హ్యాండ్లు ఇచ్చాడు. మధ్యాహ్నం కలం పట్టేసరికి చెయ్యి వణికింది. అక్షరాలు వంకరపోతే 'తటపటాయించాడు' అంటారని కాస్త ఆగి, నిదానంగా పూర్తి పేరు రాశాడు.

అపోహ: బానిసత్వం ఉన్నా పోయినా ఆయనకు ఒకటే, యూనియన్ నిలిస్తే చాలు.

వాస్తవం: కాస్త ఎక్కువ చదివిన పిల్లలు వేసే ప్రశ్న ఇది. 1862 ఆగస్టు 22న పత్రికా సంపాదకుడు గ్రీలీకి రాసిన ఉత్తరం చూపిస్తారు: ఒక్క బానిసనూ విడిపించకుండా యూనియన్‌ను కాపాడగలిగితే అలాగే చేస్తానన్నాడు కదా అని. అన్నాడు. కానీ చివరి వాక్యం వదిలేస్తారు. ఇదంతా నా పదవీ బాధ్యత ప్రకారం చెప్పింది, మనుషులందరూ స్వేచ్ఛగా ఉండాలన్న నా సొంత కోరిక మాత్రం మారలేదు అని అందులోనే ఉంది. పైగా విమోచన ప్రకటన ముసాయిదాను అంతకు నెల ముందే, జులై 22న, కేబినెట్‌కు చదివి వినిపించాడు. యుద్ధంలో ఒక విజయం దక్కేదాకా ఆగమని విదేశాంగ మంత్రి సీవర్డ్ సలహా ఇచ్చాడు, ఆగాడు. అంటే ఉత్తరం రాసేనాటికి నిర్ణయం అయిపోయింది.

1864 ఏప్రిల్‌లో కెంటకీ సంపాదకుడు హాడ్జెస్‌కు ఇంకా విప్పి చెప్పాడు: బానిసత్వం తప్పు కాకపోతే ఇంకేదీ తప్పు కాదు, అయినా ఆ అభిప్రాయాన్ని ఇష్టం వచ్చినట్టు అమలు చేసే హక్కు ఈ పదవి నాకు ఇవ్వలేదు అని. అధ్యక్ష పదవి బరువేమిటో అర్థం కావాలంటే నేను ముందు చదివించేది ఈ ఉత్తరమే.

అభిప్రాయాలు మాత్రం కడిగిన ముత్యాలేం కావు. 1858లో సెనేట్ ఎన్నికప్పుడు ఇలినాయ్‌లోని చార్ల్‌స్టన్‌లో ప్రత్యర్థి డగ్లస్‌తో జరిగిన చర్చలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ సామాజిక, రాజకీయ సమానత్వం తనకు సమ్మతం కాదన్నాడు. 1865 ఏప్రిల్ 11న అదే మనిషి, కనీసం బాగా తెలివైన నల్లజాతి వాళ్లకూ, నల్లజాతి సైనికులకూ ఓటు ఇవ్వడం మంచిదన్నాడు. ఆ జనంలో నిలబడి విన్న నటుడు జాన్ విల్క్స్ బూత్ మూడు రోజులకు లింకన్‌ను కాల్చాడు.

అపోహ: యుద్ధకాలం కాబట్టి రెండోసారి గెలుపు ఖాయమే అనుకున్నాడు.

వాస్తవం: 1864 ఆగస్టు 23న, తాను ఓడిపోయేలా ఉన్నానని ఒక కాగితం మీద రాసి, మడిచి, లోపల ఏముందో చూపకుండా మంత్రులందరి చేతా వెనక సంతకాలు పెట్టించాడు. ఓడితే, కొత్త అధ్యక్షుడు వచ్చేలోగా అతనితో కలిసి యూనియన్‌ను కాపాడాలన్నది అందులోని మాట. సెప్టెంబరులో తిరుగుబాటుదారుల ముఖ్య నగరం అట్లాంటా యూనియన్ సైన్యం చేతికి రావడంతో గాలి మారింది.

అపోహ: గెటిస్‌బర్గ్ యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానం దగ్గర చేసిన ప్రసిద్ధ ప్రసంగం రైల్లో కవరు వెనక రాసేశాడు.

వాస్తవం: లేదు. మిగిలిన తొలి ప్రతుల్లో ఒకదాని మొదటి పేజీ అధ్యక్ష భవనం లెటర్‌హెడ్ మీదే ఉంది.

అపోహ: కొడుకు టీచరుకు లింకన్ ఒక ఉత్తరం రాశాడు.

వాస్తవం: టీచర్స్ డే వస్తే వాట్సాప్‌లో ఇదే. ఆయన రచనల సంపుటాల్లో ఎక్కడా లేదు. స్కూలు గోడకు లింకన్ ఉత్తరమే కావాలంటే హాడ్జెస్‌కు రాసినది అంటించండి.